తుల్లియో పేర్చిన ద్రాక్ష

"చొక్కా మీద ఆ రక్తం ఎవరిది?"

"సెవేరో గారిది."

"నీకెలా అంటింది?"

"ఎత్తుకున్నానమ్మా. ఇంకా బతికున్నాడేమో అని ఒళ్లోకి తీసుకున్నా. చల్లగా ఉన్నాడు. అయినా కింద పెట్టబుద్ధి కాలేదు."

ఇన్‌స్పెక్టర్ ఎల్డా రాయడం ఆపింది. ఎదురుగా కూర్చున్న బెసీమ్ మణికట్ల మీద బేడీల ఒరుపు ఎర్రగా కనిపిస్తోంది. అల్బేనియా నుంచి వచ్చి పదేళ్లయింది. ఈ సరస్సుల లోయలో అతని చెయ్యి తగలని ద్రాక్షతోట లేదు. బుధవారం తెల్లారి పనికి వెళ్లి, తన యజమాని సెవేరో ఫాయెస్ అటక మెట్ల కింద చచ్చి పడి ఉండడం మొదట చూసింది ఇతనే. అరిచి ఊరందర్నీ లేపిందీ ఇతనే. గంట తిరక్కుండా కెప్టెన్ రెస్తా వచ్చి ఇతన్నే పట్టుకుపోయాడు. కూలివాడి చొక్కా మీద రక్తం కనిపిస్తే కేసు తేలిపోయినట్టే. దొరగారి చొక్కా మీద కనిపిస్తే మాత్రం, పాపం ముక్కు అదిరిందేమో అడిగి రమ్మంటారు.

"పోయిన ఆదివారం చర్చి ముందర, అందరూ చూస్తుండగా సెవేరో నిన్ను చెంపమీద కొట్టాడు."

"కొట్టాడు."

"కోపం రాలేదా?"

"కొట్టాక నా భుజం మీద పడి ఏడ్చాడు కదమ్మా. ఆ సంగతి ఎవరూ చెప్పలేదా మీకు?"

చెప్పలేదు. దెబ్బ చూసినవాళ్లు పాతికమంది సంతకాలు పెట్టారు. ఏడుపు చూసినవాడు ఒక్కడూ లేడు.

"ఎందుకు కొట్టాడో చెప్పు."

బెసీమ్ గోడకేసి చూశాడు. "ఆ రోజు ట్రాక్టర్ ఎక్కాల్సింది నేను. మా అమ్మాయికి జ్వరం. తుల్లియో వచ్చి 'ఇంటికి పోరా, పిల్లని చూసుకో, నేను తోలతా' అన్నాడు. పై గట్టు మీంచి బండి తిరగబడింది. వాళ్లబ్బాయి పోయాడు, నేనున్నాను. కొట్టడా మరి? నేనైనా కొడతాను."

తుల్లియో పోయి ఆరు వారాలు. సెవేరోకి ఒక్కగానొక్క కొడుకు. ఎల్డాకి చిన్నప్పుడు చెట్లెక్కడం నేర్పినవాడు. ఆమె మళ్లీ కలం తీసింది.

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"కింది తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నాం, ఆరుగురం. పొద్దు వాలి ఓరా గాలి ఆగేదాకా అక్కడే. ఆ తర్వాత ఇంటికి."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. భార్యా పిల్లా వాళ్లక్క దగ్గరికెళ్లారు."

"ఆ ఇంటి అటక మీదికి ఎప్పుడైనా ఎక్కావా? నిజం చెప్పు."

"పదేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదమ్మా. పెట్టెలు మెట్ల దాకా మోసేవాణ్ణి. అక్కణ్ణుంచి తుల్లియో అందుకునేవాడు. ద్రాక్ష ఆరేసే తడికెల మీద పరాయి చెయ్యి పడకూడదు వాళ్లింట్లో." అతను మొదటిసారి నవ్వబోయి మానుకున్నాడు. "ఓసారి అడిగా, నా చేతికేమైనా రోగమా అని. తుల్లియో ఏమన్నాడో తెలుసా? 'నీ చేతికి కాదురా, మా అమ్మకి' అన్నాడు."

---

ఫాయెస్ వారి అటకంతా వరసలు వరసలుగా వెదురు తడికెలు. వాటి మీద నొసియోలా ద్రాక్ష. వాళ్ల తోటలో పండిన నొసియోలాలో ముప్పాతిక భాగం రోజూ భోజనంలోకి తాగే తేట తెల్ల వైన్ అవుతుంది. గింజలు వదులుగా ఉన్న గుత్తుల్ని మాత్రం ఏరి ఇక్కడ ఆరబెడతారు. ఈస్టర్ ముందు పవిత్రవారం దాకా అవి ఎండాలి, లోలోపల మంచి బూజు పట్టాలి. అప్పుడు పిండితే వచ్చేది చెంచాడు. ఆ చెంచాడు తీపి వైన్‌ని ఏళ్ల తరబడి దాచి, పిల్ల పుడితే ఓ గుక్క, మనిషి పోతూ ఉంటే పెదాల మీద ఓ చుక్క పోస్తారు. ఈ ఏడు పేర్చిన గుత్తులన్నీ తుల్లియో చేతివి. చివరి తడికె నింపిన మర్నాడే ట్రాక్టర్ ఎక్కాడు.

కెప్టెన్ రెస్తా అప్పటికే పైన ఉన్నాడు. సీలు వేసే పట్టీ చేతికి చుట్టుకుని ఒక్కో కిటికీ లాగి చూస్తున్నాడు. పట్నం నుంచి వచ్చినవాడు, టీవీ వాళ్లకి ఇష్టుడు. కేసుని ప్రాసిక్యూటర్ ఇద్దరికీ కలిపి అప్పగించాడు. అది ఇద్దరికీ ఇష్టం లేదు.

"రండి మేడమ్. మీ జ్ఞానతల్లి ఇల్లట కదా ఇది. స్వీట్లు పెట్టి పంపుతారేమో అనుకున్నా."

"పెడతారు. మీకు కూడా పెడతారు. ఇంటికొచ్చిన గాడిదక్కూడా గడ్డి వేసే ఇల్లు ఇది."

పట్టీ చుట్టడం ఆగింది. "కేసు అయిపోయింది. వాడికి పగ ఉంది. రక్తం ఉంది. డాక్టర్ చావు రాత్రి జరిగిందన్నాడు, రాత్రి వాడు ఒంటరిగా ఉన్నాడు. ఇంటావిడ మధ్యాహ్నమే నిద్రమాత్ర వేసుకుని పడుకున్నానంది. అటకకి సీలు వేస్తున్నా. కిటికీలతో సహా."

"కిటికీలు మూసి సీలు వేస్తే వారానికల్లా ఈ ద్రాక్ష అంతా కుళ్లుతుంది."

"ద్రాక్షకి కాపలా కాయడానికి రాలేదు నేను."

"మీకున్న సాక్షి ఆ ద్రాక్ష ఒక్కటే, కెప్టెన్ గారూ. కాస్త కాయండి."

ఆమె దక్షిణం వైపు కిటికీ దగ్గర నిలబడింది. "పక్కింటి ఫౌస్తా ఏమందో చదివారా? 'బట్టలు తీస్తుంటే వాళ్లింట్లోంచి ధబ్బుమని వినిపించింది' అంది."

"తలుపేదో కొట్టుకుని ఉంటుంది."

"తడి దుప్పటి ఎగిరొచ్చి మొహాన కొడుతుంటే వినిపించిందట. అంటే ఓరా ఇంకా వీస్తూనే ఉంది. పెద్ద సరస్సు నుంచి వచ్చే ఆ గాలి మధ్యాహ్నం మొదలై పొద్దు వాలేసరికి ఆగుతుంది. సెవేరో పడింది అప్పుడే. చనిపోయింది రాత్రి. తుంటి విరిగింది, తల చిట్లింది, లోపల మెల్లగా రక్తం ఊరింది అని రాసింది మీ డాక్టరే. పడగానే పోయాడని ఎక్కడా రాయలేదు. పడ్డ వేళకి బెసీమ్ అయిదుగురితో కలిసి కింది తోటలో ఉన్నాడు."

"ఆ అయిదుగురూ ఎవరు? ఇద్దరు వాడి ఊరివాళ్లు, మిగతావాళ్లు అటువంటివాళ్లే. వాళ్ల సాక్ష్యం చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లదు? వాళ్లు తెంపిన ద్రాక్ష చెల్లుతోందిగా. రాత్రి గ్లాసుల మీద గ్లాసులు తాగారుగా మీరు. అప్పుడు ఎవడి ఊరు ఏదని అడిగారా?"

రెస్తా మొహం ఎర్రబడింది. కానీ తెలివితక్కువవాడు కాదు. "సరే. మధ్యాహ్నమే పడ్డాడనుకుందాం. నిరూపించండి."

"ఓరా వీస్తుంటే ఈ కిటికీలన్నీ బార్లా తీసి ఉంటాయి. గాలి ఆగగానే మూసెయ్యాలి. లేకపోతే చిన్న సరస్సు మీంచి లేచే మంచు లోపలికొస్తుంది. మంగళవారం సాయంత్రం మంచు ఎలా పట్టిందో తెలుసా? నేను బండి దీపాలు వేసుకుని కూడా రోడ్డు వెతుక్కున్నాను. బుధవారం పొద్దున నేనొచ్చేసరికి కిటికీలన్నీ గడియ పెట్టి ఉన్నాయి. తడికెలు పొడిగా ఉన్నాయి. మరి మెట్ల కింద తుంటి విరిగి పడున్నవాడు పైకొచ్చి గడియలు పెట్టాడా?"

"ముందు కిటికీలు మూశాడు, చీకటి పడ్డాక పడ్డాడు. లేదా తోశారు. నా లెక్క నాకు సరిపోయింది." రెస్తా చేతులు కట్టుకున్నాడు. "దుప్పటి మీద కేసు నడపలేం మేడమ్."

ఎల్డా చూపు మెట్లకి దగ్గరగా ఉన్న తడికె మీద ఆగిపోయింది.

తుల్లియోది ఎడమచెయ్యి వాటం. గుత్తి పెడితే తొడిమ గోడవైపుకి పోయేది. అటకంతా అలాగే ఉంది, ఒక్క గుత్తి తేడా లేదు. ఆ ఒక్క తడికె మీద మాత్రం తొడిమలన్నీ కిటికీవైపు తిరిగి ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద వంగింది. చుట్టూ ఉన్న చెక్కల మీద దుమ్ము. ఆ తడికె కింద మాత్రం తుడిచిన నేల. చెక్కల సందులో నాలుగైదు గింజలు చితికి జిగురుగా అంటుకుని ఉన్నాయి.

"తడికె బోర్లా పడింది," అంది మెల్లగా. "ఎవరో గుత్తులన్నీ ఏరి మళ్లీ పేర్చారు."

"పారిపోయే హంతకుడు కూర్చుని ద్రాక్ష పేర్చాడా?" రెస్తా పకపకా నవ్వాడు. "భలే చెప్పారు. దీన్ని జడ్జి ముందు కూడా ఇలాగే చెప్పండి."

గుత్తికీ గుత్తికీ మధ్య వేలు పట్టేంత సందు. ఒకదానికొకటి తగలకుండా. ఆ సందు ఎల్డాకి తెలుసు. అయిదేళ్ల వయసులో ఇదే అటకలో, ఇదే నేల మీద, ఒకావిడ తన వేలు పట్టుకుని రెండు గుత్తుల మధ్య పెట్టి చూపించింది. 'ఊపిరాడాలే పిల్లా వాటికి' అంది. ఆవిడది కుడిచేతివాటం.

ఎల్డా మెల్లగా లేచింది.

"కెప్టెన్ గారూ, కాసేపు కిందికి వెళ్తారా?"

"ఎందుకు?"

"అడుగుతున్నాను కాబట్టి."

ఆ గొంతు విని రెస్తా పట్టీ జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగి కింద నిలబడి ఫోన్ తీశాడు.

---

కిటికీ పలక చిన్నగా చప్పుడు చేసింది. ఓరా మొదలైంది. ఆ వెనకే మెట్ల మీద అడుగులు. ఎల్డా పిలవక్కర్లేకపోయింది. ఈ గాలి వీచిందంటే ఒర్సోలా ఎక్కడున్నా పైకి రావాల్సిందే.

సెవేరో భార్య, ఎల్డాని జ్ఞానస్నానం నాడు చేతుల మీద పట్టుకున్న మనిషి. ఆరు వారాల్లో కొడుకుకీ మొగుడికీ ఒకే నల్లబట్టలు సరిపోయాయి. ఆమె ఎల్డాని చూసి తలాడించి, ఒక్కో కిటికీ తెరుచుకుంటూ వెళ్లింది.

"తిన్నావా పిల్లా?"

"తిన్నా అత్తా."

"అబద్ధం. మొహం చూడు ఎలా ఉందో. కింద మొక్కజొన్న పోలెంతా ఉంది, వేడి చేసి పెడతా. ఆ కెప్టెన్‌కీ పెడతాలే, వాడి బుగ్గలు చూస్తే ఆకలిగా ఉన్నట్టుంది."

"అత్తా, ఇలా కూర్చో."

"కిటికీలు..."

"కూర్చో."

ఒర్సోలా బోర్లించిన పెట్టె మీద కూర్చుంది. ఎల్డా ఆ తడికె పక్కనే నిలబడింది. వేలు చాపి రెండు గుత్తుల మధ్య సందులో పెట్టింది.

ముసలావిడ ఆ వేలునే చాలాసేపు చూసింది.

"వాడిలాగే పెడదామనుకున్నానే," అంది చివరికి. "తొడిమ గోడవైపు. చెయ్యి తిరగలేదు నాకు. మళ్లీ తీసి పెడదామంటే గింజలు రాలుతున్నాయి."

ఎల్డా కూడా కూలబడింది, నేల మీద. "ఏం జరిగింది?"

"ఆయన ఆ రోజు భోజనం చెయ్యలేదు. పైకొచ్చాడు. నేనొచ్చేసరికి కిటికీలోంచి పారేస్తానని తడికె లాగుతున్నాడు. 'ఎవడికోసమే ఇది? పిండేవాడు లేడు, తాగేవాడు లేడు, తగలెయ్' అన్నాడు. నా బిడ్డ చేతివయ్యా అవి, వాడి చేతి పని ఇంకెక్కడుంది నాకు? వాడి చొక్కాలు ఉతికేశాను, వాసన పోయింది. బూట్లు బురదతో సహా ఆ రోజే పోలీసులు పట్టుకుపోయారు. మిగిలింది ఇదొక్కటే కదే. నేనొక పక్క పట్టుకున్నా. ఆయనొక పక్క లాగాడు. తడికె బోర్లా పడింది. కోపమొచ్చి తోశాను. గట్టిగా ఏం కాదు. ఆయన వెనక మెట్లున్నాయి."

కింద రెస్తా ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"బెసీమ్‌ని తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డావు," అంది ఎల్డా. "పదేళ్లు నీ చేతి కూడు తిన్నాడు. వాడి పిల్లకి నువ్వు పెట్టిన పేరే పెట్టారు. నీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు."

"చెప్తాను. చెప్పనని ఎవరన్నారు? పవిత్రవారం దాకా ఆగు. ఇవి పిండేశాక నేనే నడిచొస్తాను, నా కాళ్లతో. నన్నిప్పుడు తీసుకుపోతే ఈ కిటికీలు ఎవరు తీస్తారు, ఎవరు మూస్తారు? బెసీమ్ కుర్రాడు. నాలుగు నెలలు ఓర్చుకుంటాడు."

"ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది వాడికి, అత్తా. వాడి పిల్ల బడికెళ్తే హంతకుడి కూతురంటారు. నీ కొడుకు చేతిపని కోసం ఇంకో ఇంటి మనిషిని ఎండబెడతావా? ఇక్కడ, ఈ తడికెల మీద?"

ఒర్సోలా చెంప మీద కొట్టినట్టు వెనక్కి తగ్గింది. ఎల్డాకి తన మాట తనకే కోసుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"ఆయన పడగానే పోయాడని రాయిస్తే..." ముసలావిడ గొంతు పీలగా వచ్చింది. "అంతేగా? ప్రమాదం. చూడు, తోశాను, పడ్డాడు, పోయాడు. అంతేగా?"

"పడగానే పోలేదు." ఎల్డా ఆ మాట అనకూడదనుకుంది. కానీ అదే అసలు ప్రశ్న, ఆమెకది తెలుసు. "రాత్రిదాకా ఉన్నాడు. నువ్వు గాలి ఆగేదాకా పైనే ఉన్నావు. ఇన్ని గుత్తులు పేర్చావు. అప్పుడాయన ఏం చేస్తున్నాడు?"

గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. తడికెలన్నీ కిర్రుమన్నాయి.

"పిలిచాడు," అంది ఒర్సోలా.

ఎల్డా మెట్లవైపు చూసింది.

"'ఒర్సోలా' అన్నాడు. రోజూ పిలిచినట్టే. చెప్పు కనబడకపోతే పిలుస్తాడే, అలా. నొప్పని అరవలేదు. అరిస్తే దిగేదాన్నే. 'వస్తున్నా' అన్నాను. గుత్తులు కింద పడున్నాయి, తొక్కితే చితికిపోతాయి. నాలుగు ఏరి పెట్టి దిగుదామనుకున్నా. మళ్లీ పిలిచాడు. 'వస్తున్నానయ్యా, ఎక్కడికి పోతావు నువ్వు' అని కసిరాను. నలభై ఏళ్లు అలాగే కసిరాను ఆయన్ని. ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు." ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. "తర్వాత పిలవలేదు. అలిగాడనుకున్నానే. ఒట్టు, అలిగాడనుకున్నాను. గాలి ఆగింది. కిటికీలు మూశాను. చీకటి పడిపోయింది. అప్పుడు దిగాను. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. నా చేతిలోనే చల్లబడింది."

తన జ్ఞానతల్లి తల ఒళ్లోకి తీసుకోవాలనుంది ఎల్డాకి. లేచి నిలబడి చొక్కా సర్దుకుంది. ఆమె చెయ్యగలిగింది అంతే.

"పద అత్తా. బెసీమ్‌ని బయటికి తీసుకురావాలి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

ఒర్సోలా తడికెల వంక చూడలేదు. చూస్తే లేవలేనని తెలుసు కాబోలు.

ఎల్డా మెట్ల పైనుంచి వంగి చెప్పింది. "కెప్టెన్ గారూ. సెవేరో పడింది మధ్యాహ్నమే. అప్పుడు పైనున్నది ఈవిడ. చెప్పడానికి వస్తోంది."

రెస్తా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి పైకి చూశాడు. పెదవి విరిచాడు. "బాగుంది. మొగుడూ కొడుకూ పోయిన మనిషి. ఏం చెప్పమంటే అది చెబుతుంది. మీరు ఆమె చేతుల్లో పెరిగారు, ఆమె మీ మాట వింటుంది. ఈ నాటకం నా దగ్గర కుదరదు మేడమ్. ప్రాసిక్యూటర్ లైన్‌లో ఉన్నాడు, బెసీమ్ రిమాండ్ కాగితం మీద ఇప్పుడే సంతకం..."

ఒర్సోలా దిగుతోంది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కొంగులా కప్పుకున్న శాలువా మీద. నిటారు మెట్లు. తల వంచుకుని, ఎవరి మాటా వినకుండా దిగుతోంది. చివరి మెట్టు దగ్గర ఆగింది.

కింద ఏమీ లేదు. సెవేరో పడున్న చోట కడిగిన రాతి నేల.

ఆమె పావడా అంచు రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. పక్కకి తిరిగి, గోడకి ఒత్తుకుని, కాలు చాపి పెద్ద అంగ వేసింది. ఆ ఖాళీ నేలని తొక్కకుండా, కింద పడుకున్న మనిషి నిద్ర చెడకూడదన్నట్టు దాటింది. రెండో కాలు కూడా అంతే జాగ్రత్తగా తీసి ఇవతల పెట్టింది. తను చేసిందేమిటో ఆమెకి తెలియలేదు.

రెస్తాకి తెలిసింది.

ఫోన్‌లో ప్రాసిక్యూటర్ "హలో, హలో" అంటున్నాడు. రెస్తా ఆ నేలకేసి చూస్తూనే ఫోన్ కట్టేశాడు.